ఒంటికాలి డాన్సు

నలభై మూడేళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్నాను. ఆ తొక్కిందంతా ఒక సైకిలు మీద తొక్కి ఉంటే ఈపాటికి భూమిని రెండుసార్లు చుట్టి, మూడోసారికి దారి కంఠతా వచ్చి ఉండేది. అంత తొక్కినా కాళ్లు చీపురుపుల్లల్లాగే ఉన్నాయి. కష్టం కాళ్లది, ఫలితం పొట్టది. లోకంలో న్యాయం ఎక్కడుందో మీరే చెప్పండి.

నా పొట్ట సంగతి మీకు కొత్త కాదు. నేను వీధి మలుపు తిరిగానంటే ముందు అది వస్తుంది, కాసేపటికి నేను వస్తాను. అది కనబడగానే మా ఆవిడ టీకి నీళ్లు పెడితే, నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి మరుగుతుంటాయి. కోతలు కోస్తున్నానంటారేమో, ఆవిడనే అడగండి. పొట్ట విషయంలో ఆవిడ నాకంటే పెద్ద కోతలు కోస్తుంది.

ఆవిడే ఒకరోజు నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆ డాక్టరమ్మ పరాయిది కాదు. ఒకటో తరగతి నుంచి ఆ పిల్ల స్కూలు గౌన్లన్నీ నా చేతి మీదుగా వెళ్లినవే. అప్పట్లో నేను టేపు పట్టుకుంటే చక్కిలిగింతలని పారిపోయేది. ఇప్పుడు తను టేపు పట్టుకుంది, పారిపోవడానికి నాకు వీల్లేదు. నాసిరకం ప్లాస్టిక్కు టేపు అది, వృత్తిలో ఉన్నవాణ్ణి చూస్తూ ఊరుకోలేక, దాని కింద ఒక వేలు పెట్టి పట్టుకోవాలమ్మా అన్నాను.

"ముందు ఊపిరి వదులు బాబాయ్," అంది.

వదిలానన్నాను. ఇంకా వదలమంది. పెళ్లినాటి నుంచి దాచుకున్న ఊపిరంతా వదిలేశాను. నలభై రెండు అని రాసుకుంది.

మందులేమీ రాయలేదు. రోజంతా కూర్చోవడమే నీ జబ్బు అంది. మూడు నెలల్లో రెండంగుళాలు తగ్గి కనబడాలి, లేకపోతే మాత్రలు, మాత్రల తర్వాత సూదులు, సూదుల తర్వాత సంగతి నన్నడగొద్దు అని చెప్పింది. నేను తేలిగ్గా తీసుకున్నాను. డాక్టర్లు అలాగే అంటారు, దర్జీలు రేపిస్తామన్నట్టు.

మా ఆవిడ తేలిగ్గా తీసుకోలేదు. ఇంటికొచ్చాక తిన్నగా వెళ్లి నా మిషను మీద చెయ్యి వేసి నిలబడింది.

"మూడు నెలల్లో రెండంగుళాలు తగ్గకపోతే దీన్ని అమ్మాయి ఇంటికి పంపించేస్తాను. దీని ముందు మిమ్మల్ని కూర్చోబెట్టి నా చేతులతో నేను చంపుకోలేను," అంది.

ఇది మీకు చిన్నమాటగా కనిపించొచ్చు. మిషను ముందు కూర్చుని నేను చెప్పేదాన్ని జనం కబుర్లంటారు. పాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చినవాడు కూడా నా కబుర్ల కోసం మరో గంట కూర్చుని, చివరికి పాంటు మర్చిపోయి వెళ్తాడు. అవే మాటలు మిషను లేకుండా ఖాళీ గదిలో కూర్చుని చెప్పాననుకోండి, చాదస్తం అంటారు. కబుర్లకీ చాదస్తానికీ మధ్య తేడా ఆ ఇనుప ముక్కే. అది వెళ్లిపోతే నేను ఉత్త ముసలాణ్ణి.

పైగా మా ఇంట్లో పని సగం సగం. మిషను నాది, చేతికుట్టు ఆవిడది. నేను పాంటు కుట్టి ఇస్తే కాజాలు, బొత్తాలు, కాళ్ల దగ్గర మడతలు ఆవిడ చూసుకుంటుంది. నా కుట్టు వీధి చివరి నుంచి కనబడుతుంది. ఆవిడ కుట్టు భూతద్దం పెట్టినా కనబడదు. ఇద్దరికీ ఎవరి గర్వం వాళ్లకుంది.

ఈ సంగతి తెలిసి మా అమ్మాయి ఫోన్ చేసింది. నడక నాన్నవల్ల కాదు, జిమ్ముకి నాన్న వెళ్లడు, ఇంట్లోనే డాన్సు చెయ్యమనమ్మా అని ఉపాయం చెప్పింది. తన పాత ట్యాబ్లెట్టులో డాన్సు వ్యాయామం వీడియోలు పెట్టి పంపింది. పూటకి మూడు పాటలు, అరగంట. మొదటి పాట ఒళ్లు వేడెక్కడానికి, రెండోది చెమట పట్టడానికి, మూడోది ప్రాణం పోవడానికి.

అందులో డాన్సు నేర్పే పిల్లకి ఎముకలు ఉండాల్సిన చోటల్లా స్ప్రింగులున్నాయి. అందుకే స్ప్రింగు పిల్ల అని పేరు పెట్టాను. మనం ఇంకా కుర్చీలోంచి లేవకముందే, మీరు చాలా బాగా చేస్తున్నారు అంటుంది. అంత గుడ్డినమ్మకం మా ఆవిడకి నా మీద ఏనాడైనా ఉంటే నేను ఇంకెంత పైకి వచ్చేవాణ్ణో.

మొదటిరోజు నిజాయితీగానే మొదలెట్టాను. ఆ పిల్ల కుడిచెయ్యి ఎత్తితే నేనూ కుడిచెయ్యి ఎత్తాను. గుమ్మంలో కూర్చున్న మా ఆవిడ, అది ఎడమచెయ్యి అంది. ఆ పిల్లదా నాదా అని అడిగాను. ఈ చర్చ తేలేలోపల మొదటి పాట అయిపోయింది. రెండో పాటలో గుండ్రంగా తిరగమంది. తిరిగాను. ఆగమంది. నేను ఆగాను, పొట్ట ఆగలేదు. అది ఇంకో చుట్టు తిరుగుతూ నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్లి, కుట్టి తగిలించిన చొక్కాల స్టాండు మీద పడేసింది. నాలుగు చొక్కాలు నా మీద పడ్డాయి. ఆ నాలుగూ నలుగురు పెద్దమనుషుల్లా నా భుజాల మీద చేతులేసి నన్ను ఓదారుస్తున్నట్టు కనిపించిందట. మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

ఆ నవ్వే నాకు అందివచ్చింది. నన్ను చూసి నవ్వేవాళ్ల ముందు ఆడను, రేపటి నుంచి తలుపు వేసుకుంటాను అని అలిగాను. మనిషి అలిగితే ఆడవాళ్లు అడ్డు చెప్పరు, అందులోనూ మంచిపని కోసం అలిగితే. సరేనంది.

ఇక చూడండి నా తెలివి. తలుపు గడియ వేశాను. బట్ట కొలిచే గజంబద్ద చివర ఒక పాత చెప్పు తాడుతో బిగించి కట్టాను. కుర్చీలో హాయిగా చేరగిలబడి, పాట పెట్టి, తాళం తప్పకుండా ఆ చెప్పుతో నేల మీద దబ్ దబ్ మని కొట్టాను. మధ్యమధ్యలో హుఫ్, హుఫ్ అని ఆయాసం. చివర్లో, ఇస్త్రీకి ముందు బట్టల మీద నీళ్లు చిలకరించే సీసాతో మెడ మీదా నుదుటి మీదా చెమట పట్టించుకున్నాను. తలుపు తీసేసరికి ఆవిడ తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. పాపం అనిపించింది, కానీ తువ్వాలు తీసుకున్నాను.

చెమట ఒక్కటే చాలదుగా, నడుము తగ్గినట్టు కనబడాలి. టేపుతో కొలిచి చూపిస్తానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. టేపు మీ చేతిలో ఉంటే ఏనుగు నడుము కూడా ఇరవై ఎనిమిదే అంది. ప్రతి ఆదివారం నేను పాంటు వేసుకుని నిలబడాలి, నడుం పట్టీలోకి తన వేళ్లు ఎన్ని దూరతాయో ఆవిడ చూస్తుంది. అదీ పరీక్ష. మొదట్లో ఒక్క వేలు కూడా దూరలేదు.

దర్జీకి ఇంతకంటే సులువైన పరీక్ష ఎవరు పెడతారు చెప్పండి. పాంటు వెనక, నడుం దగ్గర, లోపల రెండంగుళాల గుడ్డ వదిలి కుడతాం, మనిషి లావైతే విప్పి వదులు చేయడానికి. నాకున్నవి రెండు పాంట్లు, నల్లదొకటి, బూడిదరంగుదొకటి. శనివారం ఆవిడ కూరగాయలకు వెళ్లగానే రెండింటి వెనక కుట్టూ విప్పి, అరంగుళం వదులు చేసి, మళ్లీ కుట్టి, ఏమీ ఎరగనట్టు మడిచి పెట్టేశాను.

ఆదివారం ఒక వేలు దూరింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. తర్వాతి శనివారం మరో అరంగుళం. రెండు వేళ్లు దూరాయి. ఆ సాయంత్రం ఆవిడే అమ్మాయికి ఫోన్ చేసి, మీ నాన్న కరిగిపోతున్నారే అని చెప్పింది. నేను పక్కన కూర్చుని కరిగిపోతున్నవాడిలా ముఖం పెట్టాను.

అన్నీ సవ్యంగా సాగుతున్న వేళ కింద వాటాలో ఉండే మాష్టారు పైకి వచ్చారు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చొక్కాకి బొత్తాం ఊడిందని తెచ్చారు. మా ఆవిడ బొత్తాం కుడుతుంటే ఊరికే ఉండలేక నన్ను పొగడటం మొదలెట్టారు.

"నెత్తి మీద డాన్సు అంటే మొదట భయపడ్డానమ్మా, సున్నం రాలి నా టీలో పడుతుందని. మీవారి అడుగు ఎంత తేలికో. పిల్లి నడిచినట్టుంది. ఒక్కటే సందేహం, ఆయన ఒంటికాలి మీద చేస్తారా? రెండోకాలు చప్పుడు నాకెప్పుడూ వినపడలేదు."

మా ఆవిడ సూది ఆపి నా వంక చూసింది.

నేను తడుముకోలేదు. అది కొత్త పద్ధతి మాష్టారూ, ఒక వారం కుడికాలు, ఒక వారం ఎడమకాలు అన్నాను. ఆయన లెక్కల మనిషి కదా, కాసేపు ఆలోచించి, నెలకి సరాసరి సరిపోతుంది అని ఒప్పుకున్నారు.

"ఈ వారం ఏ కాలండీ?" అంది మా ఆవిడ.

"కుడి."

"వినపడుతూనే ఉంది లెండి," అని దారం కొరికింది.

ఆ కొరుకుడు నాకు వినపడాల్సింది. వినపడలేదు. మూడో శనివారం యథాప్రకారం ఇంకో అరంగుళం వదిలి, మూడు వేళ్ల కోసం ధీమాగా నిలబడ్డాను.

"వేలు దూరడం లేదండీ," అంది.

"నీ వేలు లావయిందేమో చూసుకో."

"రెండు చేతులకీ ఒకేసారి లావవుతాయా?" అని రెండో చేతి చిటికెన వేలు పెట్టి చూసింది. అదీ దూరలేదు. నాకే తెలుస్తోంది, పట్టీ కడుపులోకి కోసుకుపోతోంది. ఆవిడ ఇంకాస్త గట్టిగా చెయ్యండి అని తువ్వాలు నా భుజం మీద వేసి వెళ్లిపోయింది.

తలుపు వేసుకుని పాంటు విప్పి వెనక కుట్టు చూశాను. నేను కుట్టింది కుట్టినట్టే ఉంది. నల్లదీ అంతే, బూడిదరంగుదీ అంతే. అంటే పాంటు అంగుళమున్నర పెరిగినా నాకు చాలలేదు. అంటే నేను అంతకంటే ఎక్కువ పెరిగాను. కుర్చీలో కూర్చుని కర్ర ఆడించినందుకేనా అని చిన్న భయం పుట్టింది. అయినా ఆశ చావక తర్వాతి శనివారం ఆఖరి అరంగుళం కూడా వదిలేశాను. ఇక లోపల గుడ్డ లేదు.

ఆదివారం పాట అయిపోయింది, ట్యాబ్లెట్టు ఇంకా ఆపలేదు. ఆవిడ ఊపిరి వదలమంది. వదిలితే బొత్తాం ఊడుతుందన్నాను. ఊడనివ్వండి, కుట్టేదాన్ని నేనేగా అంది. వదిలాను. బొత్తాం తుపాకీ గుండులా వెళ్లి ట్యాబ్లెట్టులో స్ప్రింగు పిల్ల నుదుటికి తగిలింది. ఆ పిల్ల నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

టేపు పెట్టి కొలుచుకోవచ్చుగా అంటారు. కొలుచుకున్నాను. నలభై రెండే వచ్చింది. కానీ ఆ చేతిని నేనెలా నమ్మను? నలభై మూడేళ్లుగా వచ్చినవాళ్లకల్లా వాళ్ల నడుము ఒక అంగుళం తగ్గించి పైకి చెప్పి, కాగితం మీద అసలుది రాసుకున్న చెయ్యి అది. గుమ్మం పట్టని ఒక పెద్దాయనకి ముప్పై ఆరు అని చెబితే ఆనందంతో నన్ను కావలించుకుంటే, విడిపించడానికి పక్కింటివాళ్లు రావాల్సి వచ్చింది. టేపు నా మాట వింటుంది. బట్ట వినదు. మనిషి ఒళ్లు మోసం చేస్తుంది గాని కుట్టిన కుట్టు మోసం చెయ్యదు అని నేను పనిలో చేరిననాడు నేర్చుకున్నాను, ఆ మాట మీదే ఇంతకాలం బతికాను.

కాబట్టి తేలిందేమిటి? మూడు నెలల్లో రెండంగుళాలు తగ్గాల్సినవాణ్ణి నెల్లాళ్లలోనే రెండంగుళాల పైన పెరిగాను. ఇదే వరసలో వెళ్తే డాక్టరు దగ్గరికి వెళ్లేనాటికి నన్ను తీసుకెళ్లడానికి వీధి వెడల్పు చెయ్యాలి. మిషను అమ్మాయి ఇంటికి వెళ్లడం ఖాయం. అది ఖాయమైతే నేను ఉండీ లేనట్టే.

ఆ సోమవారం గజంబద్దకి కట్టిన చెప్పు విప్పేసి, దాన్ని కాలికి తొడుక్కున్నాను. దేవుడు దాన్ని చేసింది అందుకేనని అప్పుడు గుర్తొచ్చింది.

మొదటి పాటకి వంటింట్లో గిన్నెలు కదిలాయి. రెండో పాటకి గరిటెలు రాలాయి. మూడో పాట సగంలో ఉండగా మాష్టారు చేతిలో టీ కప్పుతో పరుగెత్తుకొచ్చారు. కప్పులో టీ మీద సున్నం మీగడలా తేలుతోంది. నిన్నటిదాకా పిల్లి, ఇవాళ్టి నుంచి ఏనుగుల మందా ఏమిటయ్యా ఇది అని అడిగారు. మా ఆవిడ ఆయన్ని మెట్ల దాకా తీసుకెళ్లి ఏదో మెల్లగా చెప్పింది. ఆ తర్వాత ఆయన మళ్లీ రాలేదు. ఎదురుపడితే, బాగుంది, కానివ్వు, కానివ్వు అని భుజం తట్టేవారు. జబ్బుమనిషి మీద జాలి కాబోలనుకున్నాను.

పొద్దున మూడు పాటలు, సాయంత్రం మూడు పాటలు. అన్నం రెండోసారి వడ్డించుకోవడం మానేశాను. టీలో పంచదార మానేశాను. అయినా ప్రతి ఆదివారం ఆవిడ వేలు దూరదు, ప్రతి సోమవారం నేను ఇంకాస్త ఎత్తుకి ఎగురుతాను. మెల్లగా అడుగులు పడ్డాయి. కుడేదో ఎడమేదో తెలిసింది. తిరిగి ఆగమంటే నేనూ పొట్టా ఒకేసారి ఆగడం నేర్చుకున్నాం. ఒక రోజు మూడో పాట అయిపోయాక, ఇంకో పాట ఉంటే బాగుండును అనిపించి, చుట్టూ ఎవరైనా విన్నారేమోనని చూసుకున్నాను.

మిషను ముందు కూర్చున్నా కాళ్లు ఆ తాళానికే తొక్కేవి. ఆ ఊపులో ఒకాయన పాంటుకి రెండుకాళ్లూ కలిపి ఒకటే కుట్టేశాను. వేసుకుని చూసి, ఎలా నడవాలయ్యా అన్నాడు. గెంతండి, నడుముకు మంచిది అన్నాను. వీధి చివరిదాకా గెంతుకుంటూ వెళ్లాడు. నెల తర్వాత వచ్చి అలాంటిదే ఇంకోటి కుట్టమన్నాడు. నమ్మకపోతే మానండి.

మూడు నెలలు నిండాయి. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు పొద్దున్నే లేచి మిషనుకి నూనె వేశాను. తుడిచాను. అమ్మాయి ఇంట్లో మనవలు చక్రం తిప్పుతారు, కోప్పడకు అని దానికి చెప్పాను. శుభ్రమైన గుడ్డ కప్పాను. వెనక అలికిడైతే తిరిగి చూశాను. మా ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. నా బాధ చూసి ఏడుస్తోంది పిచ్చిది అనుకున్నాను.

నల్ల పాంటు వేసుకుని, బొత్తాం పట్టించడానికి రెండుసార్లు ఊపిరి బిగబట్టి బయలుదేరాను. ఉరికంబం ఎక్కేవాడికి కూడా నాకంటే వదులైన పాంటు ఇస్తారు.

డాక్టరమ్మ టేపు చుట్టింది. చూసింది. మళ్లీ చుట్టింది.

"ముప్పై తొమ్మిదిన్నర బాబాయ్."

"తప్పు," అన్నాను.

"ఏమిటి తప్పు?"

"నీ టేపు తప్పు. ప్లాస్టిక్కుది, ఎండకి సాగి ఉంటుంది. ఈ పాంటు రెండున్నర నెలలక్రితం వేలు దూరేంత వదులు. ఇవాళ చూడు, మాట్లాడుతుంటేనే బొత్తాం ఏడుస్తోంది. బట్ట అబద్ధం చెప్పదమ్మా. నేను పెరిగాను. నిజం దాచకు, మందు రాయి."

ఆ పిల్ల తెల్లబోయింది. బరువు చూసింది, ఏడు కిలోలు తగ్గానంది. బరువు మిషను కూడా తప్పేనన్నాను. ఇంకో టేపు తెప్పించింది. దాన్ని నా జానతో కొలిచి, ఇదీ అనుమానమే అన్నాను.

"ఆడలేనమ్మ మద్దెల ఓడంటుందని విన్నాను గాని, ఇంత బాగా ఆడినాయన కూడా అనడం ఇప్పుడే చూస్తున్నాను. పిన్నీ, మీరైనా చెప్పండి," అంది.

పిన్ని పైకప్పు చూస్తోంది. పైకప్పులో ఏముందని నేనూ చూశాను. ఏమీ లేదు. అప్పుడు చూశాను, ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుపైతే భుజాలు అలా కదలవు. నలభై ఒక్కేళ్ల కాపురంలో ఆ మాత్రం తేడా నాకు తెలుసు.

తెర వెనక్కి వెళ్లి నడుం పట్టీ తిరగేశాను. ఇన్నాళ్లూ వెనక కుట్టే చూశాను, నేను విప్పింది అక్కడే కాబట్టి. ఇప్పుడు పక్కల చూశాను. కుడిపక్క చూపుడువేలితో తడిమితే గుడ్డ మందంగా తగిలింది. ఎడమపక్కా అంతే. కళ్లజోడు సరిచేసుకుని చూస్తే చీమ తలకాయంత కుట్లు, ఒకదాని పక్కన ఒకటి, ఒక వరస కాదు, వారానికొకటి చొప్పున వరసలు. అలాంటి కుట్టు కుట్టే చెయ్యి ఈ లోకంలో ఒక్కటే ఉంది, అది నాకు రోజూ అన్నం పెడుతుంది.

తేలు కుట్టిన దొంగలా తెర ఇవతలికి వచ్చాను. ఏమని అడగను, నువ్వు బిగించావేమే అంటే, మీరు వదిలారేమండీ అంటుంది.

అడగకుండానే ఆవిడే చెప్పింది. మాష్టారు ఒంటికాలు అనగానే అనుమానం వచ్చిందట. మర్నాడు ఊడుస్తుంటే కుర్చీ వెనక గజంబద్ద దొరికిందట, చెప్పుతో సహా. మిషను కింద తెగిన నల్లదారం ముక్కలు దొరికాయట, ఆ వారం నల్ల పాంటు ఎవరూ ఇవ్వలేదు. ఇక మీరు శనివారం వదిలితే నేను శనివారం సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతూ బిగించానండీ అంది.

"పట్టుకున్నదానివి నాలుగు తిట్టొచ్చుగా," అన్నాను.

"తిడితే మీరు కథ చెబుతారు. పాంటు బిగిస్తే డాన్సు చేస్తారు," అంది.

డాక్టరమ్మ చిన్నప్పుడు నేను టేపు పట్టుకుంటే ఎలా నవ్వేదో అలా నవ్వింది.

ఇంటికొచ్చాం. మిషను మీద గుడ్డ ఆవిడే తీసింది. ఇది ఎక్కడికీ వెళ్లదు అంది. నేను ఛాతీ విరిచి, రెండంగుళాలు అడిగారు, రెండున్నర ఇచ్చాను, ఆ అరంగుళం మీరే ఉంచుకోండి, ఇక ఈ గదిలో డాన్సు అన్నమాట వినపడకూడదు అని ప్రకటించాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే దాని అర్థమేమిటో ఇన్నేళ్లయినా నేర్చుకోని మొద్దుని నేను. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

పొద్దున లేచి పనికి కూర్చుందామని వస్తే మిషను ఉంది, స్టూలు లేదు. మంచం కింద వెతికాను, తలుపు వెనక వెతికాను. అప్పటికే ఒకాయన కోటు కోసం వచ్చి బయట నిలబడి ఉన్నాడు.

"స్టూలు ఏదే?" అన్నాను.

"మిషను పంపనన్నాను, పంపలేదు. స్టూలు గురించి మనమేమీ అనుకోలేదుగా," అంది. అది కింద మాష్టారి దగ్గర ఉందట. పైన అరగంట సరిగ్గా చప్పుడైతే ఆయనే తెచ్చి ఇస్తారట, రోజూ. ఆయనకీ పొద్దున్నే చేతికి పని ఉంటుంది కదండీ అంది. ఆనాడు మెట్ల దగ్గర మెల్లగా మొదలైన కుట్ర ఇంకా సాగుతోందన్నమాట.

కోటాయన చూస్తుండగా తలుపు వేసుకుని మూడు పాటలూ ఆడాను. గిన్నెలు కదిలాయి. మెట్ల మీద అడుగులు వినిపించాయి. తలుపు తీశాను. మాష్టారు స్టూలుని సంకలో పెట్టుకుని నిలబడ్డారు. అందుకోబోతే వెనక్కి జరిగారు.

"మూడో పాటలో ఎడమకాలు పదకొండుసార్లు తక్కువ పడింది," అన్నారు.

ఎడమకాలు మరీ ఎత్తుకి ఎగిరింది మాష్టారూ, కిందికి దిగడానికి టైము పడుతుంది, ఇంకా దిగుతూనే ఉంది అని చెప్పి చూశాను. నా కథలకి పాంట్లు మర్చిపోయి వెళ్లినవాళ్లున్నారు. ఆయన కనురెప్ప కూడా కదపలేదు. కోటాయన వంక చూస్తే ఆయన నేల చూశాడు. మా ఆవిడ వంక చూస్తే, ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంటోంది.

మాష్టారు స్టూలుని గుమ్మంలో వేసుకుని, దాని మీద తనే స్థిరంగా కూర్చుని, లెక్కపెట్టడానికి వేళ్లు సిద్ధం చేసుకున్నారు.

"ఊఁ, మూడోది మళ్లీ మొదట్నుంచి," అన్నారు.